ప్లేటుకెక్కిన పల్లెపాట

అమెరికాలో టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున బ్రిస్టల్ అనే పట్టణం ఉన్నది. అక్కడి పెద్దబజారే రెండు రాష్ట్రాలకు పొలిమేర. వీధికి ఈ వరుస ఒక రాష్ట్రం, ఆ వరుస మరొక రాష్ట్రం. ఆ వీధిలో ఒకప్పటి టోపీల కంపెనీ మేడలో 1927 జూలై 25 మొదలు ఆగస్టు 5 వరకు జరిగిన పనిని గురించి పాఠకులతో ముచ్చటించదలచినాము. కంట్రీ సంగీతమని లోకం పిలిచే పల్లెపాటకు ఆ ఊరే పుట్టినిల్లని 1998లో అమెరికా పార్లమెంటు తీర్మానించింది.

అంతకుముందు ఆ పాటలకు ప్లేట్లు లేవని కాదు. 1923లో రాల్ఫ్ పీర్ అనే ఆయన అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ చేత పాడించి గ్రామఫోను ప్లేటు వేయించగా, అది బాగా అమ్ముడుపోయింది. పల్లెజనం తమ పాటలను డబ్బిచ్చి కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసివచ్చింది. అయితే ఆ రోజుల్లో పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడవలసి వచ్చేది. 1925లో మైకు వాడుకలోకి వచ్చాక ఇంట్లో పాడుకొనే మెత్తని గొంతు కూడ మైనపు పళ్ళెం మీద చక్కగా పలకసాగింది.

ఆ మైకుతోనే పీర్ విక్టర్ కంపెనీ పక్షాన బ్రిస్టల్‌లో దిగాడు. పాటకు 50 డాలర్లు రొక్కం, ఆపైన అమ్మకంలో కొద్ది భాగం. మొదట పాడిన ఎర్నెస్ట్ స్టోన్‌మన్‌కు అంతకుముందు ఏడు పాటల మీద 3,600 డాలర్లు వచ్చాయని స్థానిక పత్రిక రాసింది. ఇంకేం, కొండల్లోనుంచి జనం దిగివచ్చారు. మొత్తం 19 మేళాలు 76 పాటలు పాడాయి.

వారిలో ఒకరు కార్టర్ కుటుంబం. పండ్ల మొక్కలు అమ్ముకొనే ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, ఆమె పినతల్లి పెదతల్లి వరుస చెల్లెలు మేబెల్. మేబెల్‌కు అప్పుడు 18 ఏళ్ళు, నిండు గర్భిణి. గిటారు లావు తీగల మీద బొటనవ్రేలితో పాట పలికిస్తూ, తక్కిన వ్రేళ్ళతో సన్నతీగలు మీటడం ఆమె బాణీ. తరువాత వచ్చిన ఎందరో ఆ బాణీనే నేర్చుకొన్నారు. ఆగస్టు 1, 2 తేదీలలో వారు ఆరు పాటలిచ్చారు.

ఆగస్టు 4న జిమ్మీ రోడ్జర్స్ వచ్చాడు. క్షయరోగం వల్ల రైల్వే కొలువుకు దూరమైనవాడు. ఆనాడు పాడినవి రెండే పాటలు. అందులో ఒకటి లాలిపాట. ఆరేళ్ళలో దేశమంతా పేరుపొంది, 1933 మే 26న, చివరి ప్లేటుకు పాడిన రెండు రోజులకే, 35 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

ఇక్కడొక చిక్కు ఉన్నది. అందరికీ తెలిసిన పాత పాటకు హక్కుదారుడు ఉండడు. పీర్‌కు రాబడి పాటల హక్కుల మీదనే. కనుక ఆయనకు కొత్తవి, లేదా కొత్తగా మలచినవి కావాలి. అందుకని ఎ.పి. కార్టర్ ఊరూరా తిరిగి, ముసలివారి నోట విన్న పాటలు పోగుచేసి, దిద్ది, తన పేర నమోదు చేయించసాగాడు. ఆయన వెంట తిరిగినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు. ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకొన్నవాడు. కార్టర్ మాటలు రాసుకొంటే, వరుసను మనసులో పట్టుకొచ్చేది రిడిల్. ప్లేట్ల మీద మాత్రం అతని పేరు లేదు. 1965లో మైక్ సీగర్ వెతికి పట్టుకొనేదాకా అతని సంగతి చాలామందికి తెలియదు.

కార్టర్ పడిన శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆయనే తిరగకపోతే ఆ పాటల్లో ఎన్నో పాడినవారితోనే పోయేవి. కాని పాట మిగిలి, పాడినవారి పేరు పోవడం న్యాయం కాదు. పెద్దల నోటి పాట ఏ ఇంట రాసుకొన్నా, అది ఎవరు పాడగా విన్నదో ఆ కాగితం మీదనే మరొక పంక్తి రాసి ఉంచడం మంచిదని మా మనవి.