కొత్త పికప్‌లో గండికోటకు వెళ్తున్నారా?

కొత్త పికప్ బండిలో గండికోటకు వెళ్లి, పెన్నా లోయ దగ్గర గుడారంలో ఒక రాత్రి గడపాలనుకునే కుటుంబాలకు మా సలహాలివి.

వెనుక తొట్టి సామానుకే. అందులో పిల్లలను కూర్చోబెట్టరాదు. క్యాబిన్‌లో సీటుబెల్టులు ఎన్ని ఉంటే అంతమందే బయలుదేరాలి.

20 లీటర్ల నీళ్ల క్యాను 20 కిలోల బరువు. బరువైన సామాను అడుగున, క్యాబిన్ వైపు పెట్టి తాళ్లతో బిగించండి. వదులుగా ఉంటే మలుపులో దొర్లి బండి పట్టు తప్పుతుంది.

టార్పాలిన్ కప్పిన తొట్టిలో, మూసిన గుడారంలో స్టవ్వు గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి. ఏ.సి. కోసం ఇంజను నడుపుతూ నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి, మగత కలిగితే వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి, ఆసుపత్రికి చేర్చండి.

టార్చిలైటు, దోమతెర, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు మరువకండి. పాము కరిస్తే గాటు పెట్టకండి, తాడుతో బిగించి కట్టకండి. కరిచిన భాగాన్ని కదలనివ్వక 108కి ఫోన్ చేయండి. అక్కడికి దగ్గరి పట్టణం జమ్మలమడుగు. విషానికి విరుగుడు సూది ఏ ఆసుపత్రిలో ఉందో ఇంటి దగ్గరే విచారించుకోండి.

క్షేమంగా వెళ్లి రండి.