ఎండకు నేల చచ్చిపోతుందా? మెట్ట మట్టిలో సూక్ష్మజీవులు: అపోహలు – వాస్తవాలు

ఉదయగిరి కొండ కింద కంది, మినుము, పొగాకు వేసే ఎర్రనేల మెట్ట. ఆత్మకూరు చుట్టుపక్కల సోమశిల నీళ్లు పారే మాగాణి. రెండూ పశ్చిమ నెల్లూరు పొలాలే అయినా మట్టిలో బతికే జీవజాలం ఒకటి కాదు. ఒక్క గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా, వేల రకాల్లో ఉంటాయి. ఏ రకం ఎక్కడ నిలవాలో తేల్చేవి తేమ, గాలి, వేడి, ఉదజని సూచిక (pH), సేంద్రియ కర్బనం. పొలం గట్ల మీదా ఎరువుల కొట్ల దగ్గరా వినిపించే కొన్ని మాటలు ఈ సంగతికి పొసగవు.

అపోహ: రోహిణి ఎండలకు మెట్ట నేలలో జీవమంతా మాడిపోతుంది.

వాస్తవం: పైపొర మట్టి కాగిపోయి చాలా సూక్ష్మజీవులు చచ్చేమాట నిజమే. అన్నీ చావవు. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా నిద్రపోతాయి. ఆక్టినోమైసిట్స్ కూడా బీజాలుగా ఎండను ఓర్చుకుంటాయి. తొలివానకు వచ్చే మట్టివాసనకు ముఖ్య కారణం ఈ ఆక్టినోమైసిట్స్ తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. లక్ష కోట్ల భాగాల్లో నాలుగైదు భాగాలున్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది. ఎండిన మట్టి తడవగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభించి నత్రజనిని విడుదల చేస్తాయని బిర్చ్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికా నేలల్లో గమనించి 1958లో వివరించారు. మన మెట్టకు అక్టోబరు–డిసెంబరు వానలే ఆధారం. ఆ మొదటి పదునులో విడుదలైన నత్రజనిని అందుకోవడానికి చేలో పైరు లేకపోతే, వెనక వచ్చే తుపాను వానకు అది కొట్టుకుపోతుంది. పదును దొరికిన వెంటనే విత్తుకోవడంలో ఈ లాభమూ ఉంది.

అపోహ: అడవి ఎంత దట్టంగా ఉంటే మట్టిలో సూక్ష్మజీవుల రకాలు అంత ఎక్కువ.

వాస్తవం: చెట్ల లెక్క వేరు, బ్యాక్టీరియా లెక్క వేరు. నోవా ఫీరర్, రాబర్ట్ జాక్సన్ అనే శాస్త్రవేత్తలు ఉత్తర, దక్షిణ అమెరికాల్లోని 98 మట్టి నమూనాలను పోల్చి 2006లో ఫలితాలు ప్రకటించారు. అన్నిటికన్నా తక్కువ వైవిధ్యం కనిపించింది పెరూలోని అమెజాన్ అడవి మట్టిలో. అది బాగా ఆమ్లగుణం ఉన్న నేల. ఉదజని సూచిక 7కు దగ్గరగా ఉన్న నేలల్లో రకాలు ఎక్కువగా దొరికాయి. అలాగని ఎండ లెక్కలోకి రాదనుకోకూడదు. ప్రపంచంలోని 80 పొడి ప్రాంతాలను పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనంలో, కరువుతనం పెరిగేకొద్దీ బ్యాక్టీరియా, శిలీంధ్రాల సంఖ్యా రకాలూ తగ్గాయి. సేంద్రియ కర్బనం తగ్గిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఎండను మనం ఆపలేం, కర్బనాన్ని పెంచుకోగలం.

అపోహ: నీళ్లు ఎంత నిలిస్తే నేలకు అంత జీవం.

వాస్తవం: మడిలో నీళ్లు నిలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. గాలి కావాల్సినవి వెనక్కి తగ్గి, గాలి లేకుండా బతికేవి పైచేయి సాధిస్తాయి. మిథేన్ తయారుచేసేవి వాటిలో ఉన్నాయి. నీటి అడుగున పైపొరలో కొద్ది మిల్లీమీటర్ల మందాన మాత్రం ఆక్సిజన్ ఉంటుంది. నిలిచిన నీళ్లలో చల్లిన యూరియా ఆ పొరలో నైట్రేట్‌గా మారి, కిందికి దిగి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో వాయువై గాలిలో కలిసిపోతుంది. వరికి వీలున్న దశల్లో ఆరుతడి పెడితే నీరు ఆదా అవుతుంది, మిథేన్ తగ్గుతుంది.

అపోహ: రసాయన ఎరువు వేస్తే సూక్ష్మజీవులన్నీ చస్తాయి.

వాస్తవం: అంత సూటిగా చెప్పలేం. దీర్ఘకాలిక ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో, ఎరువు వేయని మళ్లకన్నా వేసిన మళ్లలో సూక్ష్మజీవుల మొత్తం సగటున 15 శాతం ఎక్కువగా ఉంది. పైరు ఏపుగా పెరిగి వేర్లూ మోళ్లూ మట్టికి ఎక్కువ చేరడం దీనికి కారణం. అదే సమీక్షలో, ఉదజని సూచిక 5 కన్నా తక్కువున్న నేలల్లో మాత్రం ఎరువు నష్టమే చేసింది. ఏళ్ల తరబడి అమ్మోనియా ఎరువులే మోతాదు మించి వేస్తే నేల ఆమ్లంవైపు జరుగుతుంది. ప్రమాదం అక్కడుంది.

అపోహ: సీసాలో కొన్న జీవన ఎరువో జీవామృతమో పోస్తే చాలు.

వాస్తవం: బయటినుంచి తెచ్చిన సూక్ష్మజీవి తేమ, తిండి లేనిచోట నిలదొక్కుకోలేదు, అక్కడ పాతుకుపోయినవి దాన్ని నిలవనివ్వవు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో చేసే జీవామృతంలో పిడికెడు గట్టు మట్టి వేస్తారు. ఆ మట్టిలోవి ఆ చోటికి అలవాటుపడిన జీవులు. అయినా దాన్ని ఎండిన నేలమీద పోస్తే ఫలితం అంతంత మాత్రమే.

మినుము, పెసర, వేరుశనగ వేర్లకు బుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియా చాలా పొలాల్లో ముందునుంచే ఉంటుంది. నెలరోజుల మినుము మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో ముంచి కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నట్టు. పాలిపోయో ఆకుపచ్చగానో ఉంటే ఆగినట్టు. బుడిపెలే లేకపోతే అప్పుడు రైజోబియం విత్తనశుద్ధికి ఖర్చు పెట్టండి.

2015లో మొదలైన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి. సూక్ష్మజీవుల లెక్క వాటిలో లేదు. కానీ సూక్ష్మజీవుల బతుకు ఎలా ఉందో చెప్పే మూడు వరుసలు అందులోనే ఉన్నాయి: ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. కర్బనం 0.5 శాతం లోపుంటే సీసాలు పక్కన పెట్టండి. ముందు పశువుల ఎరువు, జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట మీద డబ్బు పెట్టండి. కోసిన పైరు మోళ్లు కాల్చకండి.