మార్లవాయిలో గోండు పంతులు

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాడు. ఆదిలాబాద్ గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి రమ్మని నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. భూమి పట్టాలతో పాటు బడి కూడా కావాలన్నాడాయన.

1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గూడేలకు బయటి పంతుళ్లను తేలేదు. కాస్తో కూస్తో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులను పోగుచేసి వాళ్లకే తర్ఫీదు ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. ఇంట్లో మాట్లాడే మాటే బడిలోనూ వినపడింది, చెప్పేది తమవాడే. అక్కడ చదివినవాళ్లలో కొందరు పట్వారీలూ అయ్యారు. రాష్ట్రాలు మారాక ఆ వాచకాలు మూలపడ్డాయి.

2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 3 తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. మైదానాల నుంచి వచ్చే టీచర్లు ఏజెన్సీలో నిలవరనే ఫిర్యాదు అప్పటికే పాతది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది; గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననూ ఘాటుగా తప్పుబట్టింది. మొదటిది చట్టం తేల్చాల్సిన మాట. రెండోదానికి తరగతి గదిలో సాక్ష్యం వెతకాలి.

అది అమెరికాలోని టెనెసీలో దొరుకుతుంది. 1985లో అక్కడ మొదలైన ‘స్టార్’ ప్రయోగం అసలు తరగతిలో ఎంతమంది పిల్లలుండాలో తేల్చడానికి. పిల్లలనూ టీచర్లనూ లాటరీ తీసినట్టు తరగతులకు పంచారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆర్థికవేత్తలు లెక్క తీశారు. మూడో తరగతి పూర్తయ్యేలోపు కనీసం ఒక్క నల్లజాతి టీచరు దగ్గర చదివిన నల్లజాతి పిల్లల్లో, అలా చదవనివారితో పోలిస్తే, హైస్కూలు పూర్తిచేసినవారు 13 శాతం, కాలేజీలో చేరినవారు 19 శాతం ఎక్కువ.

కనీసం ఒక్కరు! నూరు శాతం గురించి కోర్టుల దాకా వెళ్లాం గానీ, సున్నాకూ ఒకటికీ మధ్య ఉన్న తేడాయే ఇంత.

అమెరికాలో చురుకైన పిల్లలకు విడిగా నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రాం కోసం హైరానా పడే మన తల్లిదండ్రులకు మరో సంగతి. 2016లో వాండర్‌బిల్ట్ పరిశోధకులు చూపించారు: మార్కులు సమానంగా ఉన్నా నల్లజాతి పిల్లలకు ఆ సీటు దక్కడం తెల్ల పిల్లలకంటే చాలా అరుదు. టీచరు కూడా నల్లజాతివారైన చోట ఆ తేడా దాదాపు కనిపించలేదు. చాలా బళ్లలో పిల్లల పేరు ముందుగా సూచించేది క్లాసు టీచరే.