ఏసీ యంత్రము గదిలో నీరు కార్చుట: కారణములు, పరీక్షలు

మెదక్ జిల్లాలో, సికింద్రాబాదు-నిజామాబాదు రైలుమార్గముపై మనోహరాబాద్ అను ఊరు కలదు. సముద్రమునకు చాల దూరముగా దక్కను పీఠభూమిపై నుండుటచే ఇచ్చట వేసవి మిక్కిలి వేడిగను, పొడిగను ఉండును. ఇట్టి ఊళ్లలో ఏసీ యంత్రములు గల ఇండ్లవారికి ఒక వింత అనుభవము కలుగుచుండును. ఏప్రిల్, మే నెలలలో రేయింబవళ్లు నడచినను గదిలో చుక్క నీరు రాల్చని యంత్రము, జూన్‌లో ఋతుపవనములు వచ్చి నాలుగు వానలు కురియగానే గోడవెంట నీరు కార్చుటకు మొదలిడును. "యంత్రము చెడినది, గ్యాసు కారిపోవుచున్నది" అని ఇంటివారు కంగారుపడుదురు. అక్కరలేని గ్యాసు నింపించి డబ్బు పోగొట్టుకొనువారును కలరు. పెక్కుసార్లు ఆ లోపము వేసవిలోనే ఏర్పడి యుండును. దానిని బయటపెట్టునంత నీరు మాత్రము అప్పుడు పుట్టి యుండదు.

నీరు ఎక్కడినుండి వచ్చును?

ఏసీలోని గ్యాసు మూసియున్న రాగి గొట్టములలో తిరుగుచుండును. అది బయటకు వచ్చినచో గాలిలో కలిసిపోవునే గాని నీరై కారదు. కారెడు నీరంతయు గదిగాలిలోని ఆవిరియే.

గాలి వేడిగా నున్నకొలది ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 51 గ్రాములు, 28 డిగ్రీల వద్ద 27 గ్రాములు, 11 డిగ్రీల వద్ద 10 గ్రాముల ఆవిరి మాత్రమే ఇముడును. గాలిని చల్లార్చుచు పోయినచో ఒకానొక ఉష్ణోగ్రతవద్ద అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారుటకు మొదలిడును. దానినే తుషార బిందువు అందురు.

మే నెల మధ్యాహ్నమున ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతము అనుకొందము. అప్పుడు ఘనమీటరు గాలిలో నుండునది 10 గ్రాముల ఆవిరియే. దాని తుషార బిందువు సుమారు 13 డిగ్రీలు. ఏసీ లోపలి చల్లని గొట్టముల చుట్ట, అనగా కాయిల్, ఇంచుమించు 10 నుండి 12 డిగ్రీలవద్ద నుండును. కావున నీరు ఏర్పడుట అత్యల్పము. జూలైలో 28 డిగ్రీలు, 80 శాతము ఆర్ద్రత ఉన్నచో ఘనమీటరు గాలిలో 22 గ్రాముల ఆవిరి ఉండును. తుషార బిందువు 24 డిగ్రీలు. అట్టి గాలి కాయిల్‌ను తాకగానే ప్రతి ఘనమీటరునుండి 12 గ్రాముల వరకు నీరు దిగవచ్చును. తలుపులు తెరచినప్పుడెల్ల బయటి తేమ వచ్చుచుండును. మనుష్యుల ఊపిరి, చెమట దానికి తోడగును. అందుచే తడి దినములలో ఇంటి ఏసీ గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నీరు తీయును. బందరు, విశాఖపట్టణము వంటి తీరపు ఊళ్లలో వేసవిగాలియు తేమగానే ఉండును గనుక అచ్చటి యంత్రములు మే నెలలోనే నీరు ధారాళముగా విడుచును.

తేమను తీయుట ఈ యంత్రమునకు తొలినుండియు గల పని. అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమందు కాగితము తేమకు సాగుటచే రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెను. దానిని నివారించుటకే 1902లో విల్లిస్ కారియర్ తన మొదటి యంత్రమును రూపొందించెను.

తుషార బిందువును పాఠశాలలోనే కొలువవచ్చును. మెరుగుపెట్టిన స్టీలు గ్లాసులో నీరు పోసి, ఉష్ణమాపకము నుంచి, మంచుముక్కలు కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. గ్లాసు బయట మసక కట్టిన క్షణమున ఉష్ణోగ్రతను వ్రాసికొనవలెను. ఇదే ప్రయోగమును ఏప్రిల్‌లోను, జూలైలోను చేసి చూచినచో ఏసీ కథయంతయు విద్యార్థులకు బోధపడును.

నీరు పోవు దారి

కాయిల్‌నుండి జారిన బొట్లు దాని క్రిందనున్న సన్నని తొట్టిలో చేరును. అచ్చటినుండి ఒక ప్లాస్టిక్ గొట్టము వాటిని బయటకు కొనిపోవును. గోడకు బిగించు సాధారణ యంత్రములలో ఈ నీటిని త్రోయుటకు పంపు ఉండదు, భూమ్యాకర్షణయే ఆధారము. తొట్టి లోతు కొద్ది సెంటిమీటర్లే. కావున త్రోయు బలము చాల స్వల్పము. ఈ ఒక్క విషయము గుర్తున్నచో లోపములను కనుగొనుట సులభమగును.

మొదటిది పూడిక. గాలిలోని ధూళి, దానిపై పెరుగు సూక్ష్మజీవులు, బూజు కలిసి తొట్టిలో జిగురుగా పేరుకొనును. కిందటి వానకాలపు జిగురు ఎండి, దానిపై వేసవి దుమ్ము చేరి, తొలకరి నీటితో మరల ఉబ్బి గొట్టపు మూతిని మూయును.

రెండవది గొట్టపు వంపు. గొట్టము తుదివరకు దిగుచునే ఉండవలెను. నడుమ ఎక్కడనైనను తొట్టిలోని నీటిమట్టముకంటె పైకి లేచినచో నీరు దానిని దాటదు. దాదాపు సమమట్టమున పరచిన గొట్టములో రెండు పల్లములు ఏర్పడి, వాటి నడుమ గాలి చిక్కుకొనుటయు చెరుపే. ఒక్కొక్క పల్లమునుండి నీరు 2 సెంటిమీటర్లు ఎక్కవలసియున్నచో మొత్తము 4 సెంటిమీటర్ల నీటిపీడనము కావలెను. 3 సెంటిమీటర్ల లోతుగల తొట్టి దానిని ఈయజాలదు. గొట్టపు కొన బకెట్టు నీటిలో మునిగియున్నను ఇట్లే గాలి బయటపడక నీరు వెనుకకు నిలుచును. గరాటు, పారదర్శకమైన గొట్టము, రంగునీరు ఉన్నచో దీనిని తరగతిలో చూపవచ్చును.

మూడవది యంత్రము ఒరుగుట. గొట్టమున్న వైపునకు వ్యతిరేకదిశలో వంగినచో నీరు తొట్టి అంచు దాటి కారును. తాపీపనివారి రసమట్టముతో దీనిని పరీక్షింపవచ్చును. కిటికీ ఏసీ అయినచో వెనుకవైపునకు కొద్దిగా వాలి యుండవలెను.

నాలుగవది మంచు. జాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనినచో కాయిల్‌మీదుగా పోవు గాలి తగ్గి, కాయిల్ సున్న డిగ్రీలకంటె దిగువకు చల్లబడి మంచు కట్టును. యంత్రము ఆపినప్పుడు ఆ మంచు ఒక్కసారిగా కరగి తొట్టిని పొంగించును. గ్యాసు తగ్గినప్పుడును ఇట్లు జరుగును.

ఐదవది గొట్టము చెమర్చుట. చల్లని రాగిగొట్టముపై చుట్టిన స్పంజి తొడుగు చినిగినచో గాలిలోని తేమ అచ్చటనే బొట్లు కట్టును. తొట్టియు, దాని గొట్టమును సరిగానున్నను గోడ తడియును.

పరీక్షించు క్రమము

ముందుగా ఏసీకి విద్యుత్తు వచ్చు మెయిన్ స్విచ్చిని ఆపవలెను. తడిచేతులతో యంత్రమును తాకరాదు. విద్యుత్ భాగముల మూతను తెరువరాదు.

తరువాత నీరు ఎప్పుడు, ఎచ్చట కారుచున్నదో గమనింపవలెను. యంత్రము నడచుచుండగా ముందరి అంచునుండి కారుచు, బయటి గొట్టమునుండి చుక్కయైనను రాకున్నచో పూడికయో, వంపుయో అని అనుమానింపవలెను. ఆపిన పిమ్మట కారినచో మంచును తలపవలెను. గొట్టములు గోడలోనికి పోవుచోట మాత్రమే తడి యున్నచో తొడుగును చూడవలెను.

పిదప ఫిల్టరును తీసి కడిగి ఆరబెట్టవలెను. తొట్టి అందుబాటులో నున్నచో ఒక గ్లాసు నీటిని మెల్లగా, విద్యుత్ భాగములపై పడకుండ అందులో పోయవలెను. బయట గొట్టమునుండి ఇంచుమించు అంత నీరును వచ్చినచో దారి బాగున్నది. రానిచో, బయటి కొనవద్ద తడిని పీల్చగల వాక్యూమ్ యంత్రముతో పూడికను లాగవలెను. బయటినుండి గట్టిగా ఊదినచో లోపలి అతుకు ఊడవచ్చును. ఆమ్లములు వాడరాదు. బ్లీచింగు ద్రవమును వెనిగర్‌తో ఎన్నడును కలుపరాదు; ఆ రెంటి కలయికవలన విషవాయువగు క్లోరిన్ వెలువడును.

ఫిల్టరు శుభ్రముగా నున్నను మంచు కట్టుచున్నచో మెకానిక్కును పిలువవలెను. గ్యాసు వాడుకవలన తరుగునది కాదు. తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. ఆ చోటు కనుగొని మూసిన తరువాతనే క్రొత్తది నింపుట న్యాయము. ఇంటివారికి ఈ సంగతి తెలిసియున్నచో, కారిన చోటు చూపుమని మెకానిక్కును అడుగగలరు.

నీటిని చాలదినములు కారనిచ్చినచో గోడకు బూజు పట్టును, సున్నము పెచ్చులూడును. గోడలోని తీగలకు తడి తగిలినచో ప్రాణాపాయమును కలుగవచ్చును. గొట్టమునుండి వచ్చు నీటిని మొక్కలకు, నేల తుడుచుటకు వాడవచ్చును. ధూళి, సూక్ష్మజీవులు చేరియుండుటచే అది త్రాగుటకు పనికిరాదు.

ఈ గ్లాసునీటి పరీక్షకు తగిన కాలము మే నెలాఖరు. అప్పుడు యంత్రము పొడిగా కనబడును గనుక ఎవరికిని అనుమానము రాదు. కాని తొలకరికి ముందే పూడిక తీసినచో వానకాలమున గది పొడిగానుండును.