ఫ్లాట్లు కట్టనివ్వండి, ముందు పైపు చూడండి

హైదరాబాద్‌లో మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న పాత కాలనీ మాది. 267 గజాల ప్లాట్లు, 30 అడుగుల రోడ్డు. ఈమధ్య అసోసియేషన్ మీటింగ్ ఎప్పుడు పెట్టినా మాట ఒక్కచోటికే వస్తోంది: ఇంకొకరు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారట. పాత ఇల్లు పడుతుంది, ఆ చోట స్టిల్ట్ మీద మూడంతస్తులు లేస్తాయి. సగం మంది వద్దంటారు, సగం మంది తప్పేముందంటారు.

వద్దనేవాళ్ళ బాధ నిజమైనది. మా ఎదురు వరసలో ఒకావిడ వంటగదిలో పట్టపగలు లైటు వేసుకుంటోంది. పక్క బిల్డింగువాళ్ళు ప్లానులో చూపించిన సెట్‌బ్యాక్, అంటే చుట్టూ ఉంచాల్సిన ఖాళీ, వదల్లేదు. మొదటి అంతస్తు నుంచి బాల్కనీలు ప్రహరీ దాకా జరిపారు, పైన అనుమతి లేని పెంట్‌హౌస్ వేశారు. "వాళ్ళ కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో నేను లెక్కపెట్టగలను వదినా" అంటుంది.

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్ళ మాటా వినాలి. మా వీధి చివరి పెద్దాయన పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. "స్లాబు కారుతోందమ్మా. బాగుచేయించే ఓపిక లేదు. సగం వాటా వస్తే ఒక ఫ్లాట్‌లో మేముంటాం, మిగతా వాటి అద్దెతో గడుపుకుంటాం" అన్నారు. దాన్ని అత్యాశ అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫ్లాట్లలోకి అద్దెకు వచ్చేదెవరు? ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, పిల్లల చదువు కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. మేమూ ఒకప్పుడు అలా వచ్చినవాళ్ళమే. మెట్రో పక్కన వాళ్ళకి చోటు లేదంటే, ఔటర్ రింగ్ రోడ్డు అవతలి నుంచి రోజూ రెండు పూటలా ట్రాఫిక్‌లో రావాలి.

మరి చిక్కు ఎక్కడుంది? అనుమతి ఇచ్చేటప్పుడు వేసే లెక్కలో ఉంది. చాలా నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అనే కొలత ఉంటుంది. స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో అది చెబుతుంది. ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే, 200 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 400 గజాలు దాటకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఆ పరిమితిని ఎత్తేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే బాటలో నడిచింది. ఎంత కట్టవచ్చన్నది ఇప్పుడు ముఖ్యంగా స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ తేలుస్తాయి. మాస్టర్ ప్లాన్‌లో మాది రెసిడెన్షియల్ జోన్. ఇక్కడ ఇళ్ళుండాలని అది చెబుతుంది గానీ ఎన్ని కుటుంబాలుండవచ్చో చెప్పదు. భూమిలోని పైపు ఎంత మోయగలదో ఆ లెక్కలోకే రాదు.

ఆ లెక్క మనమే వేసి చూద్దాం. డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు కావాలన్నది కేంద్ర ప్రమాణం. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు చాలు. అదే చోట అంతస్తుకు రెండు చొప్పున ఆరు ఫ్లాట్లు వచ్చి, ఒక్కోదాంట్లో నలుగురుంటే 24 మంది, 3,240 లీటర్లు. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్కిస్తారు. అలాంటి ప్లాట్లు 30 ఉన్న వీధి మొత్తం మారితే 20,250 లీటర్ల అవసరం 97,200కి చేరుతుంది. వేసవిలో ట్యాంకర్లు ఎందుకు వరస కడతాయో, వాన పడితే మ్యాన్‌హోల్ మూత ఎందుకు లేస్తుందో ఈ అంకెల్లోనే ఉంది.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం వల్ల 500 చదరపు మీటర్లలోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి దొరుకుతోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. అయితే సొంత మాట మీద అనుమతి ఇచ్చినప్పుడు సైటు దగ్గర టేపు పట్టి కొలవడం మరింత అవసరం. ప్లాను మీరకుండా చూసే పట్టు 2012 నియమాల్లోనే ఉంది. కట్టడంలో 10 శాతం తనఖా పెట్టుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపించాలి. ఆ పట్టు సడలించి 2007లో ఒకసారి, 2015లో మరోసారి క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చారు. నిబంధన ప్రకారం కట్టినవాడికి దక్కిందేమీ లేదు. మీరినవాడికి మాత్రం కొంతకాలం ఓపిక పడితే చాలన్న ధీమా వచ్చింది.

అందుకే మా అసోసియేషన్‌లో "ఫ్లాట్లు వద్దు" అనే తీర్మానానికి నేను చెయ్యెత్తలేదు. రెండు డిమాండ్లు రాసిచ్చాను. పునాది దశలోనే సెట్‌బ్యాక్ కొలవాలి, ఆ కొలతలు వీధివాళ్ళకు చూపించాలి. అనుమతుల మీద వసూలు చేసే డెవలప్‌మెంట్ చార్జీల్లోంచి ముందు ఆ వీధి నీటిపైపు, డ్రైనేజీ పెంచాలి. ఈ రెండూ జరిగితే కొత్తగా వచ్చే ఆరు కుటుంబాలతో ఎవరికీ తగువుండదు. కుళాయిలో నీళ్ళు తగ్గినప్పుడు పై అంతస్తులో అద్దెకున్న నర్సుని తిట్టుకోవడం అన్యాయం. అడగాల్సింది అనుమతి మీద సంతకం పెట్టినవాళ్ళని, అది కూడా పునాది తవ్వే రోజునే.