పొగరాని పొగగొట్టం

సౌర చిమ్నీ విద్యుత్ కేంద్రంలో ఉండేవి మూడే: నేలకు మనిషెత్తున పరిచిన పారదర్శకమైన పందిరి, దాని నడుమ ఎత్తయిన గొట్టం, గొట్టం అడుగున టర్బైన్. పందిరి కింద ఎండకు వేడెక్కిన గాలి తేలికపడి గొట్టం వైపు సాగి, పైకి ఎగుస్తూ టర్బైన్‌ను తిప్పుతుంది. ఇంధనం అక్కర్లేదు. చల్లబరచడానికి నీళ్లూ అక్కర్లేదు. ఎడారి ప్రాంతాలకు ఇది చిన్న వరం కాదు. స్పెయిన్ సైనికాధికారి ఇసిడోరో కబాన్యెస్ 1903లోనే ఇలాంటి ఏర్పాటును ప్రతిపాదించాడు.

దాన్ని పెద్ద ఎత్తున కట్టి చూపినవాడు జర్మన్ ఇంజనీరు యోర్గ్ ష్లైఖ్. కోల్‌కతాలో హుగ్లీ మీద 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు రూపకల్పన ఆయన సంస్థదే. జర్మన్ ప్రభుత్వ నిధులతో స్పెయిన్‌లోని మన్జనారెస్ దగ్గర 1982లో ఆయన ప్రయోగ కేంద్రం సిద్ధమైంది. గొట్టం ఎత్తు 195 మీటర్లు, వ్యాసం 10 మీటర్లు. పందిరి వ్యాసం 244 మీటర్లు, విస్తీర్ణం 46,000 చదరపు మీటర్లు, అంటే పదకొండు ఎకరాల పైచిలుకు, చెన్నై టి. నగర్‌లోని పానగల్ పార్కు కన్నా పెద్దది. ఇంత చేసి గరిష్ఠ ఉత్పత్తి 50 కిలోవాట్లు.

ఆ పందిరి మీద నిండు ఎండ కురిపించే శక్తి సుమారు 46,000 కిలోవాట్లు. బయటికొచ్చింది దాదాపు వెయ్యో వంతు. తప్పు టర్బైన్‌ది కాదు. గాలిలోని వేడిలో ఎంత భాగం చలనంగా మారగలదో నిర్ణయించేది గొట్టం ఎత్తే. 195 మీటర్లకు ఆ భాగం 0.65 శాతం మించదు. కిలోమీటరు ఎత్తుకు 3.3 శాతం. మిగతా నష్టాలన్నీ ఆ తర్వాతే. అందుకే సామర్థ్యం పెంచే ప్రయత్నాలన్నీ చివరికి ఎత్తు దగ్గరికే చేరతాయి. ఉత్పత్తి పందిరి విస్తీర్ణానికీ గొట్టం ఎత్తుకూ అనులోమంగా పెరుగుతుంది కనుక, ఎత్తూ పందిరి వ్యాసమూ రెట్టింపు చేస్తే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. పెద్దది కట్టేకొద్దీ యూనిట్ ఖర్చు తగ్గుతుందని ష్లైఖ్ వాదన.

మిగిలిన మెరుగులు చిన్నవే అయినా పనికొచ్చేవి. నేల పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతుంది. పందిరి కింద నీళ్లు నింపి మూసిన నల్లని గొట్టాలు పరిస్తే ఆ నిల్వ ఇంకా పెరిగి, చీకటి పడ్డాకా టర్బైన్ తిరుగుతుంది. పందిరికి ఏది వాడాలో మన్జనారెసే తేల్చింది: ప్లాస్టిక్ పొర పెళుసుబారి చిరిగింది, గాజు తుఫానులకు తట్టుకుంది, వానలకు తనంతట శుభ్రపడింది. పందిరి అంచుల్లో వేడి తక్కువ కాబట్టి అక్కడ పంటలు వేసి అదనపు రాబడి తెచ్చుకోవచ్చన్న ఆలోచనా ఉంది.

ఆ కేంద్రం మాత్రం కొద్ది కాలపు పరీక్షకే కట్టింది. గొట్టం గోడ మిల్లీమీటరు పైచిలుకు మందమున్న ఇనుప రేకు. దాన్ని నిలబెట్టిన లంగరు తీగలకు తుప్పు పట్టకుండా రక్షణ లేదు. 1989లో గాలివానకు తీగలు తెగి గొట్టం కూలింది. అప్పటికి అది కొన్నేళ్లపాటు మనుషుల కాపలా పెద్దగా లేకుండానే నడిచింది. కూలడం వల్ల పేరు పోయింది గానీ, సూత్రం తప్పని తేలలేదు.

దెబ్బ వేరే చోట తగిలింది. ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి కాబట్టి ఇలాంటి కేంద్రానికి వడ్డీయే ప్రధాన ఖర్చు. పైగా చిన్నది కట్టి లాభం చూపలేరు, పెద్దది కట్టి చూపమంటే అప్పు పుట్టదు. ఆస్ట్రేలియాలో ఎన్విరోమిషన్ సంస్థ కిలోమీటరు గొట్టంతో, ఏడు కిలోమీటర్ల వ్యాసమున్న పందిరితో 200 మెగావాట్ల కేంద్రం కడతానంది. కట్టలేదు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం బుర్జ్ ఖలీఫాయే 828 మీటర్లని గుర్తుంచుకుంటే కారణం వెతకనక్కర్లేదు. చైనాలోని ఉహాయ్‌లో 2010లో ఒకటి వచ్చింది, 200 కిలోవాట్లది.

ఈలోగా సౌర ఫలకాల ధర పడిపోయింది. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల ప్రాంతంలో 2017 నాటికి వచ్చిన సౌర విద్యుత్ పార్కు దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్లది. ఆస్ట్రేలియా పందిరికి ఒక్కదానికే తొమ్మిది వేల ఎకరాలకు పైగా కావాలి, అదీ 200 మెగావాట్లకు. కర్నూలు పార్కుకు 2015 నవంబరులో యూనిట్‌కు రూ. 4.63 పలికిన ధర, 2017 ఏప్రిల్‌లో కడప దగ్గర 3.15కు దిగింది. చిమ్నీకి ఫలకాల మీద మిగిలిన ఆధిక్యం రాత్రి కరెంటు ఒక్కటే. బ్యాటరీలు చవకవుతున్న కొద్దీ అదీ కరిగిపోతోంది.