ఆ చప్పుడు ఎక్కడిది?

మోటారు కార్ల విషయంలో నా పాండిత్యం సున్న. పద్యానికి గణవిభజన చెయ్యమంటే చేస్తాను గాని, కారు బానెట్టు ఎత్తి చూపిస్తే, అత్తవారింట్లో కొత్త అల్లుడిలా తల వూపి వూరుకుంటాను. అలాంటి నేను 2019 వేసవి సెలవుల్లో ఒక పాత స్పోర్ట్సు కారుకు వచ్చిన జబ్బు కనిపెట్టడంలో చెయ్యి వేశానంటే మా కాలేజీలో ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్మండి.

మా తమ్ముడు న్యూజెర్సీలో వుంటాడు. వాడికి చిన్నప్పటినుంచీ కార్ల పిచ్చి. ఆ పిచ్చి ముదిరి, 1971 నాటి ఎం.జి.బి. కారు ఒకటి కొన్నాడు. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ వూళ్ళో 1962 నుంచి 1980 దాకా ఇలాంటి కార్లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయిట. అందులో చాలా భాగం అమెరికాకే వెళ్ళాయిట. ఇద్దరు కూర్చునే కారు. టాపు దించితే ఆకాశమే కప్పు.

మేము వెళ్ళేసరికి ఆ కారు దగ్గుతోంది. పొద్దున్నే చల్లగా వున్న ఇంజను స్టార్టు చేస్తే చాలు, 'టప్ టప్ టప్' మని దరువు. యాక్సిలరేటరు తొక్కితే దరువు హెచ్చుతుంది. వదిలేస్తే వెనక గొట్టంలో టపాకాయలు పేలుతాయి. ఇంజను బాగా వేడెక్కాక చప్పుడు చాలావరకు అణిగిపోతుంది. ఒక వర్కుషాపు వాళ్ళు, "ట్యాపెట్లు వదులయ్యాయి" అని వాటిని సరిచేసి డబ్బు పుచ్చుకున్నారుట. డబ్బు పోయింది గాని చప్పుడు పోలేదు.

ఇరుగుపొరుగు మొహాలు చిట్లిస్తున్నారని తమ్ముడు ఒక ఉపాయం పన్నాడు. శనాదివారాలు కారు పని చేసుకునేటప్పుడు షెడ్డు తలుపు సగానికి పైగా దించేసేవాడు. వాడి కూతురు ఎనిమిదేళ్ళ పిల్ల. నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని బొమ్మలు వేసుకునేది. ఆ పిల్లకు మధ్యమధ్య తలనొప్పి, వికారం. కళ్ళజోడు కావాలేమోనని మా మరదలు కంటి డాక్టరు దగ్గర రోజు కూడా తీసుకుంది.

రెండో ఆదివారం మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, బడి వున్న రోజుల్లో రాని తలనొప్పి దీనికి శనాదివారాలే వస్తుందేమిటండీ?" అంది.

నాకు చప్పున మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బాలింత గదిలో కుంపటి పెట్టినప్పుడల్లా ఆవిడ కిటికీ రెక్క ఒకటి తీసి వుంచేది. "బొగ్గు ఆవిరి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందిరా" అనేది. ఆ బొగ్గు ఆవిరికే నేటి పేరు కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు ఇంజను పొగలో అది దండిగా వుంటుంది. పొగను శుద్ధిచేసే కన్వర్టరు 1971 నాటి కారులో లేనే లేదు.

పరుగున వెళ్ళి ఇంజను ఆపించాను. పిల్లను ఆరుబయటికి తీసుకువచ్చి, తలుపు పూర్తిగా ఎత్తించాను. ఇంట్లో ఈ వాయువును పసికట్టి కేకవేసే అలారం ఒకటి వుంది. బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్ళుగా మూగపోయిందో ఎవరికీ తెలియదు. తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అన్నయ్యా, నా చేతులతో నేనే..." అని, ఆపైన మాట రాలేదు. ఆ సాయంత్రమే పిల్లను డాక్టరుకు చూపించారు. ప్రమాదం తప్పిందన్నాడు.

జబ్బు దొరికింది

మర్నాడు పక్కింటి పెద్దాయన వచ్చాడు. లేతు మిషన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. విషయమంతా విని, "ట్యాపెట్ల చప్పుడైతే ఇంజను వేడెక్కినా వినపడుతుంది. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటే, అది పొగ కారే చప్పుడు" అన్నాడు.

వెనకాల పేలే టపాకాయలకూ అదే కారణమట. పొగ ఒక్కొక్క ఉసురుగా బయటికి వస్తుంది. రెండు ఉసురుల నడుమ, కారే సందులోంచి బయటిగాలి లోపలికి చొరబడుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి గొట్టంలో అంటుకుంటుంది.

సందు ఎక్కడుందో కనిపెట్టడానికి ఆయన చేసిన పని చూడముచ్చటగా వుంది. ఇంజను చల్లగా వుండగా, వాక్యూమ్ క్లీనరును గాలి వూదేవైపు తిప్పి వెనక గొట్టానికి బిగించాడు. సబ్బునీళ్ళ గిన్నె, కుంచె మా పాప చేతికిచ్చి, "అతుకులన్నిటికీ పుయ్యి" అన్నాడు. పాప పూసుకుంటూ పోయి, ఇంజను నడిమి అతుకు దగ్గర, "పెదనాన్నా! బుడగలు!" అని గంతు వేసింది. అక్కడే సన్నటి మసిచార కూడా కనిపించింది.

అసలు లోపం

ఈ ఇంజనుకు సిలిండర్లు నాలుగు, పొగ వెళ్ళే ద్వారాలు మూడే. నడిమి రెండు సిలిండర్లకూ ఒకటే ద్వారం. పెట్రోలు గాలి లోపలికి వెళ్ళే మానిఫోల్డు, పొగ బయటికి వచ్చే మానిఫోల్డు రెండూ ఒకే పక్కన, ఒకే గ్యాస్కెట్టు మీద కూర్చుంటాయి. కొన్ని నట్ల కింద మందపాటి వాషర్లుంటాయి. ఒక్కొక్క వాషరు అటు కొస ఒకదాన్నీ, ఇటు కొస ఇంకోదాన్నీ నొక్కి పడుతుంది.

తుప్పు వదిలే నూనె రాత్రే నట్లకు పోసి వుంచాడు తమ్ముడు. మొండికేసిన నట్టును ఒక్క వెంట్రుకవాసి బిగించి, ఆ తరవాత వదులు చేశాడు. కార్బ్యురేటర్లు, మానిఫోల్డులు విప్పి చూస్తే గ్యాస్కెట్టు నడుమ కాలిపోయి వుంది. "కొత్తది వేసేస్తే సరి" అన్నాడు తమ్ముడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఎందుకు కాలిందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది" అని, ఉక్కు స్కేలు ఆనించి చూశాడు. పొగ మానిఫోల్డు పాత యజమాని ఎప్పుడో మార్చినది. దాని అంచు రెండో దాని అంచుకంటే పలచన! అందువల్ల వాషరు వాలుగా కూర్చుంది. నట్టు ఎంత బిగించినా ఒత్తిడి ఒకవైపే పడుతోంది.

మిషను మీద మందపాటి అంచును చెక్కించి, రెంటినీ సమం చేయించారు. కొత్త గ్యాస్కెట్టు వేసి, నట్లు ఒక్కసారిగా కాకుండా నడిమినుంచి కొసలకు, మూడు విడతలుగా బిగించారు. ఇంజనును ఒకసారి వేడెక్కించి, చల్లారాక మళ్ళీ సరిచూశారు. పాప మళ్ళీ కుంచె పట్టింది. ఈసారి బుడగ ఒక్కటి లేదు.

కారును వీధిలోకి నెట్టుకువెళ్ళి అక్కడ స్టార్టు చేశారు. తాళం తప్పని మృదంగంలా వుంది ధ్వని! అయినా షెడ్డులో ఇంజను నడపరాదని మా మరదలు ఆజ్ఞ. అది న్యాయమే. కారే సందు మూసినంత మాత్రాన పొగలోని విషం పోదు. వెనక గొట్టంలోంచి వస్తుంది, అంతే.

మీ ఇంట స్పోర్ట్సు కారు వుండకపోవచ్చు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరో, గది పక్కన జనరేటరో, చలికాలపు కుంపటో వుండవచ్చు. ఒకే చోట, ఒకే వేళ, పిల్లలకు తలనొప్పి వస్తూంటే ముందు కిటికీ తెరవండి.

మేము బయలుదేరే రోజున కొత్త అలారంకు బ్యాటరీ వేసింది పాపే. తరవాత శనాదివారాల్లో దానికి తలనొప్పి రాలేదు. కంటి డాక్టరు మాత్రం కళ్ళు భేషుగ్గా వున్నాయన్నాడుట.